పై బీడు గేటు

అమ్మకు,

నీ పెద్ద కూతురు నమస్కరించి రాసేది. నేనూ నాన్నా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, చెల్లీ, పసిదీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాను. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఇంత పొడుగు ఉత్తరం ఎందుకంటావేమో. రెండుసార్లు ఫోన్లోనే చెబుదామనుకున్నాను. నీ గొంతు వినగానే "ఆఁ, అంతా బాగే" అని నా నోరు దానంతటదే అనేసింది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో "ఏమైందే?" అనవు, నేను ఏడ్చి మాట తప్పించడానికీ ఉండదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అటక మీద దుప్పట్లు దించాను. ఎలుకలు ఒక్కదాన్నే కొరికాయి. అది నీకెప్పుడూ నచ్చనిదే కాబట్టి బాధపడకు. కోళ్ళు బాగానే పెడుతున్నాయి. వంటింటి కప్పు ఇంకా కారుతోంది, కింద గిన్నె పెట్టాను. చెల్లికి పాలు చాలడం లేదని రాశావు. నువ్వు పక్కన నిలబడి మాటిమాటికీ "చాలిందా, చాలిందా" అంటుంటే ఆవు కూడా చేపదు. దాన్ని కాస్త వదిలెయ్యి. నాన్న మాత్రలు వేసుకుంటున్నాడు. నేను గుర్తు చేయకుండానే వేసుకుంటున్నాడు.

ఇక చివర్న, "మీ నాన్న ఫోను దగ్గరికి ఎందుకు రావడం లేదు? నా మీద ఏమన్నా కోపమా?" అని రాశావు చూడు, ఆ ఒక్క ప్రశ్నకే ఈ ఉత్తరమంతా జవాబు. నీ మీద కోపం కాదమ్మా. నీతో మాట్లాడితే నువ్వేదో పట్టేస్తావని భయపడ్డాడు. ఆ భయం పెట్టింది నేను.

మొదట్నుంచీ చెప్తాను. చెల్లి పురిటికని నువ్వు బస్సెక్కేనాటికి ఆ బొమ్మలు వేసేవాళ్ళు వస్తారో రారో ఇంకా తేలలేదు. నువ్వు వెళ్ళిన వారానికే పట్నం నుంచి వాళ్ళ సంఘం వాళ్ళు కబురు చేశారు. పశువుల ఫారంలో కొన్నాళ్ళుండి, పని చూసి, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారట. "పనివాళ్ళ పాత గదులుంటే చాలు, మీ పనికి అడ్డు రాం" అన్నారు. నాన్న నా ముఖం చూశాడు. నేను ఆయన్ను ఆలోచించుకోనిచ్చానా? "రమ్మనండి" అనేశాను.

ఎందుకన్నానో ఇప్పుడు నాకు బాగా తెలుసు. పట్నంలో బ్యాంకుకు వెళ్తే వరసలో నా ముందున్న మనిషి నా బూట్ల వంక చూసి కాస్త పక్కకు జరుగుతుంది. చెల్లి స్నేహితురాళ్ళు "ఇంకా అక్కడే ఉన్నావా?" అని అడుగుతారు, ఏదో జబ్బు ఇంకా తగ్గలేదా అన్నట్టు. నలభై దగ్గరపడ్డ మనిషిని, ఈ పేడలో, ఈ బురదలో చేస్తున్న పని చూసి ఎవరైనా ఒక్కసారి "అబ్బ!" అంటే బాగుండునని ఉండేది. ఇంత చిన్న ఆశ ఎంత దూరం తీసుకుపోతుందో అప్పుడు తెలియలేదు.

నలుగురు వచ్చారు. పాత గదులకు సున్నం వేయించి, కిటికీలు తుడిచి, నీ మంచి తువ్వాళ్ళు పెట్టాను. (కోప్పడకు, ఉతికి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.) నాన్న మొదటిరోజే అందరికీ పేర్లు పెట్టేశాడు. నీ ఈడావిడ ఒకరు రంగులు వేస్తారు, ఆవిడ రంగులమ్మ. తుప్పు పట్టిన ఇనుమంతా ఏరుకుని విగ్రహాలు చేసే భారీ మనిషి ఇనపాయన. వేణువు వాయించే సన్నటాయన పిల్లంగోవి. ఫొటోలు తీసే కుర్రాడు ఎప్పుడూ ఒక కన్ను మూసుకునే ఉంటాడని ఒంటికన్ను. ఎదురుగానే అలా పిలిచేవాడు. వాళ్ళకీ అది నచ్చింది.

మొదటి రోజులు ఎంత బాగా గడిచాయో! రంగులమ్మ తెల్లారకముందే నీళ్ళతొట్టి దగ్గర పీట వేసుకుని చుట్టూ ఉన్న బురదనే గీస్తూ కూర్చునేది. నాన్న వెనక నిలబడి చూసి, "అంత దూరం నుంచి వచ్చి బురద గీస్తావేమిటమ్మా? ఎదురుగా ఇన్ని ఆవులుంటే!" అన్నాడు.

"ఆవులు నిలబడవండీ. బురద నిలబడుతుంది" అంది ఆవిడ.

ఆ మాటకు నాన్న రోజంతా నవ్వాడు. ఇనపాయనకు కొట్టం వెనకున్న పాత సామానంతా చూపించి, "ఏం కావాలో పట్టుకెళ్ళు బాబూ, మా ఆవిడ ఎప్పట్నుంచో పారెయ్యమని పోరుతోంది" అన్నాడు. పిల్లంగోవికి ఆవులంటే వణుకు. దూడ వచ్చి వేలు నాకితే కంచె ఎక్కేశాడు. నాన్న అతన్ని దించి, చెయ్యి పట్టుకుని దూడ నుదుటి మీద పెట్టించాడు. నాన్న అంత హుషారుగా ఉండి ఎన్నాళ్ళయిందో.

నేనూ హుషారుగానే ఉన్నాను, అయితే నా హుషారు వేరు. బండి మీద పోయే చోటికి గుర్రం మీద పోయాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దొడ్డి ఊడ్చాను. నాన్న చూసి, "ఏమిటే, పెళ్ళికూతురిలా తయారయ్యావు? ఆవులు మొహమాటపడుతున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం చిర్రెత్తింది. వాళ్ళ ముందు నన్ను చిన్నపిల్లను చేస్తున్నాడనిపించింది.

నువ్వు వెళ్ళేముందు వంటింట్లో నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట గుర్తుందా? "మీ నాన్న ఈమధ్య మరిచిపోతున్నాడే. కళ్ళజోడు తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాడు. ఒక్కోసారి చెప్పిందే చెప్తున్నాడు. నవ్వకు. పదిమందిలో అసలు నవ్వకు." నేను నవ్వలేదమ్మా. అంతకంటే పాపిష్టి పని చేశాను.

దూడల్ని తల్లుల నుంచి విడదీసిన రోజది. ఆ రోజు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. దూడలు కింద దొడ్డిలో, తల్లులు పై బీడులో. మధ్య వాలంతా అరుపులే. రంగులమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. పిల్లంగోవి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఎన్నాళ్ళిలా ఏడుస్తాయి?" అని అడిగాడు. "మరిచిపోయేదాకా" అన్నాడు నాన్న. ఆ అరుపులు ఆగేదాకా పై బీడు గేటు జోలికి ఎవరూ పోకూడదనేది మన ఇంట్లో నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఉన్న మాట. పొద్దు వాలకముందే నాన్న స్వయంగా వెళ్ళి, ఆ గేటు మూసి, గొలుసు కొక్కేనికి తగిలించి, లాగి చూసి వచ్చాడు. వచ్చి దూడల దగ్గర పడ్డాడు.

ఆ తర్వాత ఒంటికన్ను నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఈ వెలుతురు చూడండి! ఆ ఆవులన్నీ ఆ వాలులో దిగి వస్తుంటే ఒక్కటంటే ఒక్క ఫొటో. ఇలాంటి వెలుతురు మళ్ళీ దొరకదు."

"ఇవాళ కుదరదు" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పక్కనే రంగులమ్మా ఇనపాయనా నిలబడి వింటున్నారు.

"మీరు చెప్తే వింటాయిగా అక్కా. ఇక్కడ అంతా మీరే కదా" అన్నాడు.

పొగిడి మునగచెట్టు ఎక్కించడమంటే ఇదే. ఎక్కాను. గుర్రమెక్కి వెళ్ళి, నాన్న వేసిన గొలుసు నా చేత్తో తీశాను. ఆవులు దిగి వచ్చాయి. దుమ్ము లేచింది, ఎండ ఆ దుమ్ములో పడి ఎర్రగా మెరిసింది. వాళ్ళు "అబ్బ!" అన్నారు. అవునమ్మా, నేను అన్నాళ్ళుగా ఎదురుచూసిన ఆ "అబ్బ" నా చెవులతో విన్నాను. వాటిని మళ్ళీ లోపలికి తోలడానికి నాకూ కుక్కకూ తల ప్రాణం తోకకొచ్చింది. తోలి, గేటు లాగి, గొలుసు చేతిలోకి తీసుకున్నాను.

"అక్కా, అక్కడే ఆగండి! గేటు మీద చెయ్యి అలాగే ఉంచండి. ఆ గొలుసొకటి అడ్డం వస్తోంది, వదిలెయ్యండి."

వదిలేశాను. ఎండ నా ముఖం మీద పడుతోంది. అటు తిరగమంటే అటు, ఇటు తిరగమంటే ఇటు. అయిపోయాక వాళ్ళు నన్ను మధ్యలో పెట్టుకుని మాట్లాడుతూ కిందికి నడిచారు. గుర్రాన్ని పట్టుకుని నేనూ నడిచాను. గొలుసు మాటే నాకు గుర్తు రాలేదు. ఆ కుర్రాణ్ణి ఏమీ అనకు. గొలుసు ఎందుకుంటుందో అతనికేం తెలుసు? తెలిసింది నాకు.

తెల్లారుతుండగా నాన్న కేకతో లేచాను. తల్లులన్నీ గేటు తోసుకుని, దూడల కోసం కిందికి వస్తూ వస్తూ, మేతకని వేసిన లూసర్న్ చేలో, మంచుకు తడిసిన గడ్డి మీద పడ్డాయి. ఆకలి మీద తడి లూసర్న్ మేస్తే ఏమవుతుందో నీకు తెలుసు. ఎడమ డొక్కలు డప్పుల్లా ఉబ్బిపోయాయి. కొన్ని అప్పటికే కూలబడ్డాయి. పశువుల డాక్టరు వచ్చేసరికి ఏ ఒక్కటీ మిగిలేది కాదు. నాన్న మాత్రం ఒక్క క్షణం తడబడలేదు. ఏ ఆవును నడిపించాలో, దేనికి నూనె పట్టాలో, దేనికి గొంతులోకి గొట్టం దించాలో చెప్తూనే, తను కత్తి పట్టుకుని పూర్తిగా పడిపోయినవాటి డొక్కలో పొడిచి గాలి వదిలాడు. ఇనపాయన, పిల్లంగోవి కూడా తాళ్ళు పట్టుకుని లాగారు. ఆ తెల్లవారుజామున నాన్న బుర్ర కత్తి కంటే పదునుగా పనిచేసింది. ఆ మాట తర్వాత ఆయనకు నేను చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

రెండు పోయాయి. ఒకటి తొలిచూలు ఆవు. రెండోది, అమ్మా, తెల్లచెవి. తల్లి చచ్చిపోతే నువ్వు వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి సీసాతో పాలు పట్టి బతికించిన తెల్లచెవి. నువ్వు ఫోన్లో "తెల్లచెవి ఎలా ఉంది?" అన్నప్పుడు "మేస్తోంది" అన్నాను. అప్పటికే దాన్ని పూడ్చిపెట్టాం. నన్ను తిట్టు.

అందరం అక్కడే నిలబడి ఉన్నాం. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని దాని చెవి చేత్తో పట్టుకుని అన్నాడు: "నేనే. నిన్న సాయంత్రం ఆ గేటు నేనే చూశాను. వేశాననుకున్నాను." తల ఎత్తి మా అందరినీ చూశాడు. "వేశాననే అనుకున్నాను."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేదాకా నాకు గొలుసు గుర్తు రాలేదంటే నమ్ముతావా? అప్పుడొచ్చింది, చేతిలోంచి జారిన బరువుతో సహా. నోరు తెరిచాను. రంగులమ్మ నా వంకే చూస్తోంది. నిన్నటిదాకా నన్ను చూసి "అబ్బ" అన్న మనుషులు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయినా ఇంత పాపం ఉండేది కాదు. తెరిచిన నోటితో నేనన్న మాట ఇది:

"పోనీలే నాన్నా. పెద్దవాడివయ్యావు. ఇకమీదట గేట్లు నేను చూసుకుంటాలే."

నాన్న తల ఊపాడు. అంతే. రంగులమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నీ ఓపికకు దండం పెట్టాలమ్మా. మా నాన్న దగ్గర నేనింత ఓపిక పట్టలేకపోయాను" అని కళ్ళు తుడుచుకుంది. ఆ పొగడ్త కూడా పుచ్చుకున్నాను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. నాన్న ట్రాక్టరు తీయడానికి నన్ను అడగడం మొదలుపెట్టాడు. "అమ్మాయ్, ట్రాక్టరు తీయనా?" అని, గుమ్మం బయట నిలబడి. దొడ్డి తలుపు వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి, పట్టుకుని చూసి, మళ్ళీ నడిచి, మళ్ళీ వచ్చేవాడు. భోజనాల దగ్గర మాట్లాడటం మానేశాడు. ఒకసారి సగం చెప్పి ఆపేసి, "ఇది నిన్న చెప్పానా?" అని నన్నడిగాడు. వచ్చినవాళ్ళు ఆయనతో గట్టిగా, విడదీసి విడదీసి మాట్లాడటం మొదలుపెట్టారు, చెవుడేదో వచ్చినట్టు. ఒకరోజు ఇనపాయన నాన్న చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. ఆ తెల్లవారుజామున కత్తి పట్టి ఆవుల్ని బతికించిన మనిషికి, ఆవుల కింద పడి లేచిన మనిషికి, మూడు మెట్లు! నాన్న దింపించుకున్నాడు. అది చూసి కూడా నా నోరు పెగల్లేదు.

వాళ్ళు వెళ్ళేరోజు ఒంటికన్ను నన్ను పక్కకు పిలిచాడు. ముఖం పాలిపోయి ఉంది. "అక్కా, నాకో అనుమానం. ఆ రోజు గొలుసు వదిలెయ్యమన్నాను కదా. తర్వాత మీరు..."

"వేశాను. ఫొటో అయ్యాక వేశాను" అన్నాను.

ఊపిరి పీల్చుకుని, "అమ్మయ్య. నిద్ర పట్టడం లేదక్కా" అన్నాడు. నా కంటే చిన్నవాడు, అడగడానికి ధైర్యం చేశాడు. నేను పచ్చి అబద్ధమాడి పంపించాను. అతనికి కూడా ఉత్తరం రాశాను. నీకు రాయడానికి ముందే రాసి, పోస్టులో వేసి వచ్చాను, మనసు మారకుండా.

వాళ్ళ వ్యాను వెళ్ళిపోయిన మర్నాడు నాన్న గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, వంటింట్లోకి వచ్చాడు. "నన్ను పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మీ అమ్మ వచ్చేలోగా ఏదో ఒకటి తేలిపోవాలి. దానికి మాత్రం ఇప్పుడే చెప్పకు" అన్నాడు. తీసుకెళ్ళాను. దారి పొడుగునా చెబుదామనుకుంటూనే వెళ్ళాను.

డాక్టరు నడివయసు ఆవిడ, జలుబుతో ముక్కు చీదుకుంటూ ఉంది. నెమ్మదిగా మాట్లాడింది. "ఏమేం మరిచిపోతున్నారు?" అని అడిగింది.

"కళ్ళజోడు. మనుషుల పేర్లు. అవి ఎవరైనా మరిచిపోతారు" అన్నాడు నాన్న. "నేను గేటు మరిచిపోయాను. రెండు ఆవులు పోయాయి."

"ఆ సాయంత్రం గేటు దగ్గరికి వెళ్ళినట్టు గుర్తుందా?"

"గుర్తుంది. అదే నా భయం. గొలుసు కొక్కేనికి తగిలించినట్టు నా చేతికి కూడా గుర్తుంది. లాగి చూసినట్టు గుర్తుంది." నాన్న కుర్చీ అంచుకు జరిగాడు. "వెయ్యనిదాన్ని వేసినట్టు గుర్తుండటం మరిచిపోవడం కంటే పెద్ద జబ్బు కదా డాక్టరుగారూ? దాన్నేమంటారు?"

ఆవిడ నా వైపు తిరిగి, "మీరు ఇంట్లోనే ఉంటారుగా, మీరేం గమనించారు?" అంది.

బయట నడవాలో ఎవరో బల్ల జరుపుతున్నారు. నాన్న నా వైపు చూస్తున్నాడు, తన గురించి ఎంత చెడ్డగా చెప్పినా తట్టుకోవడానికి సిద్ధపడినట్టు, నా మీద పూర్తి నమ్మకంతో. ఆ చూపు ముందు ఇంక నిలవలేకపోయాను.

"వేశాడండీ" అన్నాను. "నాన్న వేశాడు. నేను తీశాను."

"ఏమిటి?" అన్నాడు నాన్న.

మళ్ళీ చెప్పాను. ఫొటో సంగతి, గొలుసు వదిలేసిన సంగతి, తెల్లవారి నోరు మూసుకున్న సంగతి, అన్నీ. డాక్టరు కలం కింద పెట్టేసింది. నాన్న లేచి నిలబడ్డాడు. "కూర్చోండి, పరీక్ష ఇంకా కాలేదు" అని ఆవిడంటే మళ్ళీ కూర్చున్నాడు. అడిగినవన్నీ గబగబా, కోపంగా చెప్పాడు. ఏ వారం, ఏ నెల, వందలోంచి ఏడేసి తీసేయడం, అన్నీ. చివరికి ఆవిడ అంది: వయసుతో వచ్చే మరుపు కొంత ఉంది, కొన్ని నెలలాగి మళ్ళీ చూపించండి, ఇప్పుడే ఏమీ తేల్చి చెప్పలేను అని. కాబట్టి అమ్మా, నీ అనుమానం పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. నేను చేసినదానివల్ల తేలిగ్గా తేలాల్సింది కూడా చిక్కుపడింది.

ఇంటి ముందు దిగాక దూడల దొడ్డి దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండానే అడిగాడు. "ఫొటో కోసమా?"

"అవును నాన్నా."

"ఆవు పోతే ఏడుస్తాం, ఊరుకుంటాం. అది కాదు. ఇన్నాళ్ళూ నేను రోజూ లేచి, నా తలకాయను నేనే దొంగను చూసినట్టు చూసుకున్నానే. మీ అమ్మ పేరు, మీ ఇద్దరి పేర్లు, మా అమ్మ పేరు, మంచం మీద పడుకుని వరసగా చెప్పుకునేవాణ్ణి, ఏదన్నా జారిపోయిందేమోనని. నువ్వు పక్కగదిలోనే ఉన్నావు. నేను గేట్ల చుట్టూ పిచ్చోడిలా తిరుగుతుంటే కిటికీలోంచి చూశావు. చూశావా లేదా?"

"చూశాను. క్షమించు నాన్నా."

"ఇప్పుడు కాదు" అన్నాడు. దొడ్డిలోకి వెళ్ళిపోయాడు.

ఇక ఒక్కటి మిగిలింది. ఇది నాన్నకు కూడా చెప్పలేదు, నీకే చెప్తున్నాను. వాళ్ళ ముందు పరువు పోతుందని భయపడి నోరు మూసుకున్నానని ఇంతసేపూ రాశాను. అది నిజమే, కానీ అదంతా కాదు. నాన్న గుమ్మంలో నిలబడి "ట్రాక్టరు తీయనా?" అని మొదటిసారి అడిగినప్పుడు నాకు బాధతో పాటు ఇంకొకటి కలిగింది. సంతోషం. ఇరవై ఏళ్ళుగా ప్రతి పనికీ నేను ఆయన్ను అడుగుతున్నాను. ఏ దూడను అమ్మాలి, ఏ బీడు ముందు మేపాలి, చివరికి కంచెకు ఏ రంగు వేయాలి. ఆ రోజు ఆయన నన్నడిగాడు. "తియ్యి నాన్నా, కానీ జాగ్రత్త" అన్నాను. ఆ "జాగ్రత్త" అనడం నాకు బాగుంది. "ఇక్కడ అంతా మీరే కదా" అన్న మాట నిజమైనట్టనిపించింది. నా నోరు మూసింది సిగ్గు ఒక్కటే అయితే నీకు ఇంత ఉత్తరం రాయనక్కర్లేకపోయేది. నా లోపల ఇలాంటి మనిషి ఉందని నాకు తెలియదమ్మా. నీకు తెలుసా?

ఇప్పటి సంగతి ఇది. నాన్న నాతో మాట్లాడటం లేదు. నేను వండింది తినడం లేదు. తనే వండుకుంటున్నాడు. బంగాళాదుంపలు ఒకవైపు మాడి, ఒకవైపు పచ్చిగా ఉంటున్నాయి. మిగిలింది బల్ల మీద వదిలేసి వెళ్తున్నాడు, నేను తింటున్నాను. గేట్లన్నీ మళ్ళీ తనే చూస్తున్నాడు, ఒక్కొక్కటి ఒక్కసారే. ట్రాక్టరు తీసేటప్పుడు ఎవరినీ అడగడం లేదు. దొడ్డిలోంచి ఆవుల్ని తిడుతున్న ఆయన గొంతు వంటింట్లోకి వినబడుతుంటే, ఆ తిట్లు నాక్కూడా పడితే బాగుండుననిపిస్తోంది.

నిన్న మాత్రం ఒకటి జరిగింది. పొద్దున బావి దగ్గర మోటారు వేసి, ఆపడం మరిచిపోయి బీడుకు వెళ్ళిపోయాడు. నేను చూసేసరికి దూడల దొడ్డి చెరువైపోయింది, దూడలన్నీ ఒక మూల గట్టు మీద గుంపుగా నిలబడ్డాయి. పరుగెత్తి మోటారు ఆపాను. అదే సమయానికి నాన్న వచ్చాడు. నీళ్ళు చూశాడు, నన్ను చూశాడు. నాకు కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన ముఖంలో ఆ పాత భయం మళ్ళీ కనబడుతుందేమోనని చూడలేక తల దించుకున్నాను.

"ఇది నేనే" అన్నాడు.

తల ఎత్తాను. భయం లేదమ్మా. కోపంగా, స్పష్టంగా ఉన్నాడు.

"ఇది మాత్రం నాదే. నేనే మరిచిపోయాను. ఏం చూస్తున్నావు? పార తీసుకురా."

తెచ్చాను. ఇద్దరం సాయంత్రం దాకా కాలువ తవ్వి నీళ్ళు బయటికి పంపాం. మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు. అయితే పార చేతికిచ్చినప్పుడు నా చేతిలోంచే తీసుకున్నాడు.

ఇక నిన్నడిగేది ఒకటే. నా తరఫున ఆయనతో మాట్లాడకు. "పోనీలెండి, కూతురే కదా" అనకు. ఆ కోపానికి నాన్నకు హక్కుంది. దాన్ని నువ్వు చల్లార్చొద్దు. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, నేను ఎత్తను. ఆయనే వస్తాడు. నీతో మాట్లాడాలని ఆయనకు ఉంది, నాకు తెలుసు, రోజూ ఫోను పక్కనున్న కుర్చీలోనే కూర్చుంటున్నాడు. ఆయన ఏం చెప్పినా, ఎంత గట్టిగా చెప్పినా, పూర్తిగా విను. చెప్పిందే రెండుసార్లు చెప్పినా విను.

చెల్లికి ఈ ఉత్తరం చూపించినా ఫరవాలేదు. పసిదానికి నా ముద్దులు.

ఇట్లు,
నీ ముఖం ఎలా చూడాలో తెలియక నువ్వు రావాలని ఎదురుచూస్తున్న
నీ పెద్దమ్మాయి